చెఱసాలలో బింబిసారుడు

రాజగృహమునకు గిరివ్రజమని మఱియొక పేరు. వైభారము, విపులము, పాండవము, గృధ్రకూటము, ఋషిగిరి అను అయిదు కొండలు చుట్టును కోటగోడవలె నిలువగా వాని నడుమ వెలసిన నగరమది. నేడు బీహారు రాష్ట్రమున రాజగీర్ అని పిలువబడుచున్న ఆ చోట రాతిగోడల పునాది యొకటి కలదు. పొడవును వెడల్పును సుమారు 200 అడుగులు. గోడ మందము 6 అడుగులు. మూలలయందు గుండ్రని బురుజుల గుర్తులు. త్రవ్వకములలో అందు చిన్న చిన్న రాతిగదులును, ఒకచోట ఇనుపకడియమును బయటపడినవి. అచ్చట నిలిచి చూచినచో గృధ్రకూటము కన్నులకు కట్టినట్లగపడును. జనులు దానిని బింబిసారుని చెఱసాల యందురు. ఆ కడియము ఆ రాజు కాలికి తగిలించినదే యని చెప్పుటకు చరిత్రకారుడు సాహసింపడు. అయినను కథ యెఱిగినవాడు ఆ గోడల నడుమ నిలిచి కొండవైపు ఒకసారి చూడక మఱలిపోలేడు.

బింబిసారునకు శ్రేణికుడని బిరుదనామము. మహావంశము ననుసరించి అతడు 15 ఏండ్ల ప్రాయమున తండ్రిచే అభిషిక్తుడై 52 ఏండ్లు మగధ నేలెను. సిద్ధార్థుడు అతనికంటె 5 ఏండ్లు పెద్ద. ఒక గణనలో ఆ పాలనము క్రీ. పూ. 544 మొదలు 492 వఱకు. బుద్ధుని కాలమును దిగువకు జరుపు ఆధునికుల లెక్కలో ఈ సంవత్సరములును కొన్ని దశాబ్దములు దిగివచ్చును. తూర్పున నున్న అంగరాజ్యమును జయించి చంపానగరమును కైవసము చేసికొనుట అతని ప్రధాన విజయము. తక్కిన దిక్కులలో కత్తికంటె కల్యాణమే మేలని అతడు తలచెను. కోసలరాజపుత్రి అత్తవారింటికి వచ్చినపుడు ఆమె స్నానచూర్ణముల ఖర్చునకని కాశిలో లక్ష ఆదాయము గల గ్రామము కూడ వచ్చెను. మద్రదేశపు ఖేమ అతని మఱియొక రాణి. ఆమె తరువాత భిక్షుణియై ప్రజ్ఞయందు అగ్రగణ్య యనిపించుకొనెను. రాజును బాధించిన భగందరమును మాన్పిన వైద్యుడు జీవకుడు. ఇట్టి వైభవము ఇతర రాజులకును ఉండును గనుక దానిని ఇంతటితో విడువవచ్చును.

బింబిసారుని జీవితమున విశేషము, కొండమీది కొక యువకుని వెదకికొనుచు పోవుటతో మొదలగుచున్నది. సిద్ధార్థుడు ఇల్లు విడిచి, ఇంకను బుద్ధుడు కాకమునుపే, రాజగృహవీథులలో భిక్ష కెత్తుచుండెను. మేడపైనుండి రాజు అతనిని చూచెను. ఆ నడకలోని నిదానము చూచి ఎవ్వడో సామాన్యుడు కాడని గ్రహించి భటులను వెంట పంపెను. భిక్షువు పాండవగిరి గుహయందున్నాడని తెలిసినంతనే రథమెక్కెను. రథము పోగలిగినంత దూరము రథముపై పోయి, ఆపైన దిగి కాలినడకను కొండ యెక్కెను. ఈ చిన్న సంగతిని సుత్తనిపాతము మఱవక చెప్పినది. చదువరియు మఱవకుండుట మంచిది. రాజు ఐశ్వర్యమును, సేనను ఇచ్చెద ననెను. సిద్ధార్థు డొల్లడయ్యెను. జ్ఞానము లభించిన పిదప మొదట తన నగరమునకే రావలెనని మాత్రము రాజు కోరుకొనెనని వ్యాఖ్యాతలు చెప్పుదురు.

ఆ మాట చెల్లినది. బుద్ధుడు కాశ్యపసోదరులతోడను, ఒకప్పుడు జటాధారులై యుండిన వేయిమంది భిక్షువులతోడను లట్ఠివనమునకు వచ్చినపుడు బింబిసారుడు లక్షయిరువదివేల పౌరులతో ఎదురేగెనట. అచ్చటనే ఉపదేశము వినుచుండగా అతనికి ధర్మచక్షువు తెఱచుకొన్నది. కుమారుడై యున్ననాడు తా నయిదు కోరికలు కోరుకొంటి ననియు, ఆనాటికి అవి యన్నియు తీఱిన వనియు అతడు బుద్ధునకు విన్నవించెను. అభిషిక్తుడు కావలె ననునది మొదటిది మాత్రమే. తన రాజ్యమునకు సంబుద్ధుడు రావలెను, తా నాయనను సేవింపవలెను, ఆయన ధర్మము చెప్పవలెను, అది తనకు అర్థము కావలెను అనునవి మిగిలిన నాలుగు. చివరి కోరిక యెంత వినయము గలదో విద్యార్థులు గమనింతురు గాక. మఱునాడు బంగరు కలశముతో నీరు ధారవోసి వేణువనమును సంఘమునకు దానము చేసెను. ఊరికి మిక్కిలి దూరము గాక, మిక్కిలి దగ్గఱయు గాక, రాత్రివేళ సద్దులేని తోట యది. బౌద్ధసంఘమునకు లభించిన తొలి ఆరామము అదియే.

ధర్మచక్షువు తెఱచుకొన్నవానిని స్రోతాపన్ను డందురు. ప్రవాహమున అడుగిడినవాడని అర్థము. మనుష్యుని సంసారమునకు కట్టివేయు బంధములు పది యని బౌద్ధులు లెక్కించిరి. వానికి వారు పెట్టిన పేరు సంయోజనములు, అనగా సంకెళ్లు. అందు మొదటి మూడు, తనయందలి భ్రాంతి, సంశయము, బాహ్యాచారములే ముక్తి నిచ్చునను మూఢవిశ్వాసము, స్రోతాపన్నునకు తెగిపోవును. తక్కినవి మిగిలియే యుండును. కనుక అతనికి ఆకలి వేయును, నొప్పి కలుగును, కొడుకుపై మమకారమును ఉండును. బింబిసారుడు సన్న్యసింపలేదు. భార్యలు, మంత్రులు, పన్నులు, శిక్షలు అన్నియు నున్న గృహస్థుగనే ధర్మము నాచరించెను. పక్షమునకు నిర్ణీతదినములలో భిక్షువులు ఒకచోట కూడుట మంచిదని బుద్ధునకు సూచించినవా డతడే. ఉపోసథవిధి అట్లు సంఘమున నెలకొన్నది. గృధ్రకూటముపై బుద్ధుడున్నపుడు దర్శించుటకై రాజు వేయించిన రాతిబాటను తరువాతి కాలమున చీనా యాత్రికుడు హుయన్‌త్సాంగ్ చూచెను. ఆ బాటపై రెండు చిన్న స్తూపము లుండెననియు, ఒకటి రాజు వాహనము దిగిన చోటనియు, మఱియొకటి పరివారమును వెనుకకు పంపివేసిన చోటనియు అతడు వ్రాసినాడు. అటుపైన రాజు ఒంటరిగా నడచిపోయెడివాడన్న మాట.

ఇంకొక సంగతియు చెప్పవలెను. బింబిసారుడు చెఱసాలల నెఱుగనివాడు కాడు. అతని రాజ్యమున పాదము, అనగా కార్షాపణమున నాలుగవవంతు, విలువగల సొమ్ము దొంగిలించినవానికి వధయో, బంధనమో, దేశబహిష్కారమో శిక్షయని వినయపిటకము తెలుపుచున్నది. భిక్షువు దొంగతనముచేత సంఘభ్రష్టు డగుటకు హద్దు నేర్పఱచునపుడు బుద్ధుడు ఆ రాజశిక్షనే కొలతగా తీసికొనెను. ఒకమాఱు చెఱసాల పగులగొట్టుకొని పాఱిపోయిన దొంగ యొకడు కాషాయము ధరించెను. భిక్షువులకు ఎవ్వరును హాని చేయరాదని అంతకుముందే రాజు ఆజ్ఞాపించి యుండుటచే వానిని పట్టువారు లేకపోయిరి. జనులు గొణిగిరి, చెఱ తప్పించుకొన్నవారికి ప్రవ్రజ్య ఈయరాదని బుద్ధుడు నియమము చేసెను. ఆ రాజే, ఆ ఉపాసకుడే, తుదకు తన రాజ్యపు చెఱసాలలోనికి పోవలసివచ్చుట ఈ కథయందలి విషాదము.

అజాతశత్రువు గర్భమున నుండగా తల్లికి ఘోరమైన కోరిక పుట్టినదట. భర్త కుడిచేతి నెత్తురు త్రావవలె ననిపించెను. చెప్పుకొనలేక ఆమె చిక్కిపోవుచుండగా రాజు బుజ్జగించి అడిగి, వైద్యునిచే చేయి కోయించి ఆ కోరిక తీర్చెను. పుట్టబోవువాడు తండ్రిని చంపునని దైవజ్ఞులు చెప్పిరి. రాణి గర్భమును పోగొట్టుకొన చూచెను. రాజు కావలిపెట్టి కాపాడెను. పుట్టకమునుపే తండ్రికి శత్రువైనవానిని తండ్రి ఆ విధముగా నిలువబెట్టెను.

పెరిగి పెద్దవాడైన అజాతశత్రువునకు దేవదత్తుడు గురువయ్యెను. బుద్ధుని స్థానము తనకు, బింబిసారుని స్థానము కుమారునకు కావలెనని దేవదత్తుని పన్నాగము. కుమారుడు తొడకు బాకు కట్టుకొని పట్టపగలు వెఱపుతో తొట్రుపడుచు అంతఃపురమున ప్రవేశించి మంత్రులకు పట్టుబడెను. మంత్రులలో మూడు మతము లేర్పడినవి. కుమారుని, దేవదత్తుని, భిక్షువుల నందఱిని చంపవలెనని కొందఱు; భిక్షువు లేమి చేసిరి, ఆ ఇద్దఱినే చంపవలెనని కొందఱు; ఎవ్వరిని చంపక రాజునకు నివేదింపవలెనని మఱికొందఱు. రాజు మొదటివారిని పదవులనుండి తొలగించెను, రెండవవారిని తగ్గించెను, మూడవవారిని హెచ్చించెను. తరువాత కొడుకును పిలిచి యెందులకిట్లు చేసితివని అడిగెను. రాజ్యము కావలెనని కొడుకు చెప్పెను. తండ్రి రాజ్యము నిచ్చివేసెను.

ఇచ్చట రాజనీతి తెలిసినవాడు తల పంకించును. బాకు పట్టిన చేతికి రాజముద్ర నిచ్చుట క్షమయే గాని వివేకమా? కొడుకును క్షమింపవచ్చును, దేవదత్తుని వాని చెంతనే విడిచి సింహాసనమును దిగుట ఆ కొడుకునకు సైతము మేలు కాలేదు. బింబిసారుని మహాత్ముడని కొనియాడువారు ఈ పొరపాటును దాచుదురు. దాచుటవలన ఆయన గొప్పతనమున కేమియు కూడిరాదు. మమకారమను సంకెల అతనికి తెగలేదని పైన చెప్పుకొంటిమి.

తండ్రి బ్రదికియున్నంతకాలము రాజ్యము పూర్తిగా నీది కాదని దేవదత్తుడు బోధించెను. తండ్రిని ఆయుధముతో చంపరాదు గనుక ఆకలితో చంపవలె ననెను. అంతట బింబిసారుని తాపనగేహమున బంధించిరి. అది నేరస్థులను హింసించుటకై కట్టిన పొగయిల్లని బుద్ధఘోషుని వ్యాఖ్య చెప్పుచున్నది. అప్పటికి రాజునకు 67 ఏండ్లు. రాణికి తప్ప ఎవ్వరికిని ప్రవేశము లేదు. ఆమె మొదట బంగరు గిన్నెలో అన్నము పెట్టి ఒడిలో దాచి తెచ్చెను. అది బయటపడగా ఒడితో లోనికి పోరాదనిరి. కొప్పులో పెట్టి తెచ్చెను, కొప్పు ముడువరాదనిరి. బంగరు పాదుకలలో పెట్టి తెచ్చెను, పాదుకలు నిషేధించిరి. తుదకు స్నానము చేసి నేయి, తేనె మొదలగు చతుర్మధురమును ఒడలికి పూసికొని వచ్చెను. మగధాధిపతి దానిని నాకి ప్రాణము నిలుపుకొనెను. అదియు తెలిసిన పిదప ఆమెకును తలుపు మూసిరి. నాడు గర్భమున నున్నపుడే ఈ శత్రువును తొలగింపనీయరైతిరి గదా యని తలుపువద్ద విలపించి, ఇక చూడలేనని, తన తప్పులు మన్నింపుమని చెప్పి ఆమె వెడలిపోయెను.

అన్నము పోయినది, మనుష్యుని ముఖము చూచుటయు పోయినది. అప్పుడు బింబిసారుడు చేసిన పని నడచుట. గది యీ గోడనుండి ఆ గోడకు, ఆ గోడనుండి ఈ గోడకు. భిక్షువు లిట్లు నిదానముగా అటునిటు నడచుచు మనస్సును నిలుపుటను చంక్రమణ మందురు. దూరప్రయాణమునకు ఓర్పు, సాధనకు ఓర్పు, ఆరోగ్యము, తిన్నది జీర్ణమగుట, నడచుచు పొందిన ఏకాగ్రత చిరకాలము నిలుచుట అని దానికి అయిదు ఫలములు చెప్పబడినవి. ఈ ఖైదీకి పోవలసిన దూరము లేదు, జీర్ణింపవలసిన అన్నమును లేదు. మిగిలిన వానికొఱకే నడచెను. లట్ఠివనమున ఏది అర్థమైనదో దానిని తలచుకొనుచు, దానివలన కలుగు సుఖముతో నడచెను. వ్యాఖ్యాతలు చెప్పునదేమనగా, అతని దేహము కృశింపుటకు బదులు మఱింత తేజస్సుతో నుండెనట. ఉపవాసము తేజస్సు నెట్లు పెంచునని వైద్యులు ప్రశ్నింతురేమో. కథకుని ఉద్దేశము వైద్యము కాదు. పాండవగిరికి రథము దిగి నడచిన కాళ్లు, గృధ్రకూటపు బాటపై పరివారమును పంపివేసి నడచిన కాళ్లు, ఇప్పుడు నాలుగు గోడల మధ్య అదే పని చేయుచున్నవి.

ఉత్తరదేశపు గ్రంథములు ఈ ఘట్టమును మఱికొంత పెంచినవి. ఒక వినయగ్రంథమున ఆ గదికి గృధ్రకూటమువైపు కిటికీ యొకటి యుండెను. దానినుండి కొండపై నున్న బుద్ధుని చూచుచు రాజు జీవించుచుండగా కొడుకు ఆ కిటికీని మూయించెను. అమితాయుర్ధ్యానసూత్రమున రాజు రాణి తెచ్చినది తిని, నోరు కడిగికొని, కొండవైపు చేతులు జోడించి అష్టశీలము కోరగా మౌద్గల్యాయనుడు ఆకాశమార్గమున దినదినము వచ్చి శీలము నిచ్చెననియు, పూర్ణుడు ధర్మము చెప్పెననియు, ఇట్లు 21 దినములు గడచిన వనియు కలదు. అష్టశీలములో మధ్యాహ్నము దాటిన పిదప భుజింపకుండుట యొకటి. తిండి దొరకనివానికి ఆ వ్రతమేల యని తోచును. కాని ఆకలి ఒకరు విధించిన శిక్షయై యుండుట వేఱు, తాను పూనిన నియమమై యుండుట వేఱు. కడుపులోని మంట రెంటను ఒక్కటే. భరించువాని మనస్సు మాత్రము ఒక్కటి కాదు. ఆ సూత్రకర్తకు చెఱసాల యననేమో తెలిసియుండవలెను.

పాళి వ్యాఖ్యలో ఆకాశగమనము లేదు, బుద్ధుడు చెఱసాలకు వచ్చినట్లును లేదు. ముసలిరాజు ఒంటరిగా నడచుటయే కలదు. ఆ కథనమే హృదయమున కెక్కుచున్నది.

ఇంకను ఎట్లు బ్రదికియున్నాడని అజాతశత్రువు అడిగెను. నడచుటవలన నని చెప్పిరి. అరికాళ్లు కోసి, ఉప్పును నూనెయు రాచి, చండ్రనిప్పులపై కాల్పుడని అతడు మంగలులను పంపెను. వారు రాగా చూచి బింబిసారుడు, ఎవ్వరో తన కొడుకునకు బుద్ధి చెప్పియుందురని, పెరిగిన గడ్డము దిద్దుటకు వీరిని పంపియుండునని సంతసించెను. ఇన్ని దినముల బాధయు కొడుకుపై అతని ఆశను చంపలేదు. వారు మ్రొక్కి, వచ్చిన పని చెప్పిరి. మీ రాజు చెప్పినట్లు చేయుడని అతడు అనుమతించెను. వారు క్షమాపణము వేడుచు ఆ పని చేసిరి. బుద్ధుని, ధర్మమును, సంఘమును స్మరించుచు బింబిసారుడు ప్రాణము విడిచెను. పూర్వజన్మమున చైత్యాంగణమున పాదరక్షలతో నడచుటచేతను, కడుగని కాళ్లతో చాపను త్రొక్కుటచేతను పాదములకే ఈ గతి పట్టెనని వ్యాఖ్యాతలు కారణము చూపుదురు. అంత చిన్న తప్పునకు ఇంత శిక్షయా యని విద్యార్థులు అడిగినచో ఉపాధ్యాయులు సమాధానము చెప్పుట కష్టము. నడక నాపుటకు కాళ్లు కోసిరను కారణమే చాలును.

ఆ దినముననే అజాతశత్రువునకు కుమారుడు పుట్టెను. పుత్రోదయము తెలుపు లేఖయు, తండ్రి మరణము తెలుపు లేఖయు ఒక్కమాఱే వచ్చినవి. మంత్రులు శుభవార్తనే ముందు చేతికిచ్చిరి. చదువగానే పుత్రప్రేమ దేహమెల్ల నిండి, తాను పుట్టినపుడు తండ్రికిని ఇట్లే యుండెను గదా యని తోచి, తండ్రిని విడిపింపుడని కేక వైచెను. వారు రెండవ లేఖను చేతికిచ్చిరి. అతడు ఏడ్చుచు తల్లికడకు పోయి తండ్రికి తనపై ప్రేమ యుండెనా యని అడిగెను. తల్లి చెప్పిన దొక్కటే. పసితనమున వాని వ్రేలికి పుండు లేచి ఏడ్పు మానకుండగా కొలువులో నున్న తండ్రికడకు తీసికొనిపోయిరి. తండ్రి ఆ వ్రేలిని నోట నుంచుకొనెను. పుండు నోటనే పగిలెను. వ్రేలు తీసినచో బిడ్డ ఏడ్చునని ఆ చీమును ఉమియక మ్రింగెను.

జైనులును ఈ కథ చెప్పుదురు. వారి గ్రంథములలో కొడుకు పేరు కూణికుడు, తల్లి చెల్లణ. వ్రేలి కథ అందును కలదు. అది విని పశ్చాత్తప్తుడైన కూణికుడు తండ్రి సంకెళ్లు తానే తెంచవలెనని గొడ్డలి చేతబట్టి పరుగెత్తెను. గొడ్డలితో వచ్చుచున్న కొడుకును చూచి, చంపుటకే వచ్చుచున్నాడని తలచి శ్రేణికుడు విషము మ్రింగెను. బౌద్ధకథలో తండ్రి చావువేళను సైతము కొడుకు మాఱినాడని నమ్మెను, అది నిజము కాలేదు. జైనకథలో కొడుకు నిజముగా మాఱెను, తండ్రి నమ్మలేకపోయెను. రెండింటిలో ఏది యెక్కువ దుఃఖకరమో చెప్పుట సులభము కాదు.

కోసలదేవి శోకముతో మరణించెను. ఆమె సోదరుడు ప్రసేనజిత్తు స్నానచూర్ణములకిచ్చిన కాశిగ్రామమును మఱల లాగికొనెను. దానికై యుద్ధములు జరిగినవి. బింబిసారుడు జనవసభుడను యక్షుడై పుట్టి నాదికయందు బుద్ధునకు కనబడెనని దీఘనికాయమున ఒక సుత్తము కలదు. అజాతశత్రువునకు మాత్రము నిద్ర లేకపోయెను. ఒక కార్తిక పూర్ణిమ రాత్రి వెన్నెలలో మేడపై కూర్చుండి, ఏ మహాత్ముని దర్శించినచో మనస్సు శాంతించునని మంత్రుల నడిగెను. జీవకుడు తన మామిడితోపులో బుద్ధుడున్నాడని చెప్పెను. ఏనుగులపై బయలుదేరిరి. తోపు సమీపించినకొలది రాజునకు ఒడలు గగుర్పొడిచెను. 1250 మంది భిక్షువులున్న చోట తుమ్మైనను వినబడదేమని, తన్ను శత్రువుల కప్పగించుట లేదు గదా యని జీవకుని మాటిమాటికి అడిగెను. తండ్రిని చంపినవానికి నిశ్శబ్దము కూడ ద్రోహమువలె తోచినది. తోపులో ఏనుగు పోగలిగినంత దూరము పోయి, ఆపైన దిగి నడచెను.

ఉపదేశము విని, తాను చేసినది ఒప్పుకొని, శరణు పొంది అతడు వెడలిపోయెను. ఆ రాజు తండ్రిని చంపకుండినచో ఆ ఆసనముమీదనే అతనికి ధర్మచక్షువు తెఱచుకొనియుండెడిదని బుద్ధుడు భిక్షువులతో చెప్పెను.